బడి విడిచినను విడువని ఆట

గత మాసములో మన బాలికల బాస్కెట్‌బాల్ జట్టు అంతర్పాఠశాల పోటీల చివరి ఆటలో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. అంతకుముందు ఆడిన ఆటలన్నిటిలోను గెలుపు మనదే. ఓడిన మరునాడు తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె మా గదికి వచ్చి, "ఏడాదంతా గెలిచినవారము మేము. ఒక్క సాయంత్రము గెలిచినవారికి కప్పు ఇచ్చినారు. ఇదేమి న్యాయమండి మాస్టారూ?" అని అడిగినది. ఆమె వెనుక నిలిచిన ఇద్దరు పదవ తరగతి బాలికలు ఏమియు మాటలాడలేదు. వారికి బడిలో అదియే చివరి ఆట. పరీక్షలు ముగియగానే ఒకతె పొరుగు పట్టణములో పరభాషా మాధ్యమమున చదువుటకు పోవలెను. రెండవ ఆమె ఇంటిపట్టుననే ఉండిపోవునని వినుచున్నాము. వారు నోరు తెరచి అడుగకపోయినను వారి ప్రశ్న మాకు తెలియును: బడి విడిచిన పిదప ఎక్కడ ఆడుట?

ఈ రెండు ప్రశ్నలకును జవాబు చెప్పదగిన చరిత్ర ఒకటి కెనడా దేశములోని ఎడ్మంటన్ నగరమున జరిగినది. అది ఒక ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థినుల సంఘము యొక్క కథ. దానిని చెప్పుటకు ముందు, తుదిపోటీ అనగా నేమో కొంచెము తెలిసికొందము.

ఆటల సంవత్సరమును రెండు విధములుగా నడపవచ్చును. ప్రతి జట్టును తక్కిన అన్ని జట్లతో ఆడించి, ఎక్కువ గెలుపులు గలవారిని విజేతలుగా ఎంచుట ఒక విధము. దీనిని లీగు పద్ధతి అందురు. ఓడిన జట్టును వెంటనే ఇంటికి పంపుచు, మిగిలినవారిలో మిగిలినవారిని ఆడించుచు, కడకు ఇద్దరిని ఎదురెదురుగా నిలుపుట రెండవ విధము. ఇది నాకౌటు పద్ధతి. మొదటిది ఓపికను కొలుచును, రెండవది ఆనాటి ధైర్యమును కొలుచును. కావున పెక్కుచోట్ల ఈ రెండింటిని కలిపి, లీగులో ముందు నిలిచినవారిని చివర తుదిపోటీలో ఆడింతురు. ఆస్ట్రేలియాలో చిన్న ఊరి సంఘము మొదలు పెద్ద సంఘముల వరకు సంవత్సరాంతమున జరుగు ఇట్టి ఆటకు గ్రాండ్ ఫైనల్ అని పేరు.

ఒక్క ఆటతో తీర్పు చెప్పుట అన్యాయమని తోచినవారు మరియొక ఉపాయము కనిపెట్టిరి. రెండు ఆటలు ఆడించి, రెండింటి పాయింట్లను కూడి, మొత్తము ఎక్కువైనవారికి బహుమతి ఇచ్చుట. ఇందులో ఒక ఆట ఓడినవారు కూడ విజేతలు కావచ్చును. ఇది వినుటకు వింతగా నుండును గాని, ఎడ్మంటన్ బాలికలు తమ మొదటి దేశ విజయమును సరిగా ఇట్లే సంపాదించిరి.

బాస్కెట్‌బాల్ ఆట వయస్సు మన పెద్దలు అనుకొనునంత ఎక్కువ కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. ఆయన జన్మస్థలము కెనడాయే. మంచు కురియు శీతకాలములో విద్యార్థులు బయట ఆడలేక, లోపల కసరత్తులు చేయ విసుగుచెంది అల్లరి చేయుచుండగా, ఆయన పీచు పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున మేడ కటకటాలకు కొట్టించి, 13 నియమములు వ్రాసి, 18 మందిని రెండు జట్లుగా చీల్చి ఫుట్‌బాల్ బంతితో ఆడించెను. బుట్టకు అడుగు ఉండుటచేత బంతి పడినప్పుడెల్ల నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చెను. బుట్ట పోయి ఇనుప వలయము వచ్చినది. ఆ పది అడుగుల ఎత్తు మాత్రము నేటికిని మారలేదు. మన బడి ఆవరణలోని వలయము కూడ అంతే ఎత్తున ఉన్నది. కావలసినవారు కొలిచి చూడవచ్చును. ఈ ఆట మన దేశమునకు కూడ ఆ వై.ఎం.సి.ఏ. ద్వారముననే వచ్చినది. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణదేశపు బడులలో దీనిని వ్యాపింపజేసిరి.

ఆట పుట్టిన మరుసటి సంవత్సరమే, అనగా 1892లో, స్మిత్ కళాశాల ఉపాధ్యాయిని సెండా బెరెన్సన్ దానిని స్త్రీలకు నేర్పెను. అయితే ఆ కాలపు పెద్దలు ఆడుపిల్లలు పరుగెత్తిన ఆయాసపడుదురనియు, ఒకరి చేతి బంతిని మరియొకరు లాగికొనుట మర్యాద కాదనియు తలంచిరి. కావున ఆమె ఆటస్థలమును మూడు భాగములుగా గీత గీసి, ఏ భాగములోని క్రీడాకారిణి ఆ భాగమును దాటరాదని నియమించెను. ఆ విధముగా పురుషుల నియమములు వేరు, స్త్రీల నియమములు వేరు అయినవి. కెనడా తూర్పు భాగమున బాలికలు జట్టుకు ఆరుగురు చొప్పున స్త్రీల నియమములతో ఆడుచుండగా, ఎడ్మంటన్ బాలికలు జట్టుకు ఐదుగురై, స్థలమంతయు పరుగెత్తుచు, పురుషుల నియమములతో ఆడ నేర్చిరి. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

ఎడ్మంటన్ అనునది అల్బర్టా రాష్ట్రమునకు రాజధాని. అక్కడి మెక్‌డూగల్ కమర్షియల్ హైస్కూలులో బాలికలు టైపు, షార్ట్‌హ్యాండు, జమాఖర్చుల పద్ధతి నేర్చుకొని గుమాస్తా ఉద్యోగములకు పోవుచుండిరి. జె. పెర్సీ పేజ్ అను ఉపాధ్యాయుడు 1914లో ఆ బాలికలకు బాస్కెట్‌బాల్ నేర్పనారంభించెను. మరుసటి సంవత్సరము వారు రాష్ట్ర విజేతలైరి. చదువు ముగిసి విడిపోవలసిన సమయము వచ్చినది. మన పదవ తరగతివారికి వచ్చిన చిక్కే వారికిని వచ్చినది. వారు ఉపాధ్యాయునివద్దకు పోయి, బడి విడిచినను జట్టును విడువమనిరి. 1915 జూన్‌లో సంఘము ఏర్పడినది. బడి చదువు ముగించినవారి సంఘము కావున దానికి కమర్షియల్ గ్రాడ్యుయేట్స్ అనియు, వాడుకలో గ్రాడ్స్ అనియు పేరు వచ్చినది.

పేజ్ గారు చేసిన అసలు పని ఈ సంఘమును స్థాపించుట కాదని మా అభిప్రాయము. సంఘము స్థాపించుట సులభము. మన ఊళ్లలో ఎన్ని సంఘములు ఉగాదికి పుట్టి దీపావళికి మూతపడలేదు! దాని క్రింద ఆయన మెట్లు కట్టెను. బడిలో చేరిన చిన్న బాలికలకు ఒక జట్టు, పెద్ద తరగతులవారికి మరియొకటి, బడి విడిచినవారికి గ్రాడెట్స్ అను జట్టు, అన్నిటికి పైన గ్రాడ్స్. పై జట్టులో ఒక స్థానము ఖాళీ అయినచో క్రింది మెట్టునుండి ఒకతె వచ్చును. ఆమె ఆ ఆట తీరును, ఆ గురువు మాటను, తోటివారి చేతి సైగలను ఏండ్లుగా ఎరిగినదే. అందువలన 25 సంవత్సరములలో గ్రాడ్స్ జట్టులో ఆడినవారు మొత్తము 38 మంది మాత్రమే. వారిలో బహు కొద్దిమంది తప్ప అందరును ఆ ఒక్క బడిలో చదివినవారు.

వీరికి జీతము లేదు. పగలు కార్యాలయములలో టైపు కొట్టుచు, దుకాణములలో లెక్కలు వ్రాయుచు, బడులలో పాఠములు చెప్పుచు, వారములో రెండు సాయంత్రములు అభ్యాసము చేయుచుండిరి. తమతో సరితూగు స్త్రీల జట్లు దగ్గరలో లేకపోవుటచేత పురుషుల జట్లతోను అభ్యాసము చేసిరి. పురుషులతో ఆడిన తొమ్మిది పందెములలో ఏడు గెలిచిరి. పేజ్ గారికిని శిక్షకుడుగా జీతము లేదు. ప్రయాణపు ఖర్చులకు టిక్కెట్ల రాబడియే ఆధారము.

ఇక 1922 సంవత్సరపు తుదిపోటీ. పశ్చిమమున గెలిచిన గ్రాడ్స్, తూర్పున గెలిచిన లండన్ షామ్‌రాక్స్ జట్టును దేశ విజేత పదవికై ఎదిరించిరి. ఈ లండన్ ఇంగ్లండులోనిది కాదు, కెనడాలోని ఒంటారియో రాష్ట్రములోనిది. ఎడ్మంటన్‌నుండి అచ్చటికి మూడు వేల కిలోమీటర్లకు పైగా రైలు ప్రయాణము. ధనము చాలక ఆరుగురు బాలికలు మాత్రమే బయలుదేరిరి. ఐదుగురు ఆడు ఆటకు ఆరుగురనగా, ఇద్దరికి కాలు బెణికినచో జట్టే లేదన్నమాట.

అక్కడ మొదటి తగవు నియమములనుగూర్చి. ఏ నియమములతో ఆడవలెను? తూర్పువారికి తమ ఆరుగురి ఆట అలవాటు, పశ్చిమమువారికి తమ ఐదుగురి ఆట అలవాటు. ఒకరి నియమముతో ఆడినచో రెండవవారికి నష్టము. కడకు రెండు ఆటలు ఆడుటకును, ఒకటి ఈ నియమములతో, ఒకటి ఆ నియమములతో నడపుటకును, పాయింట్లను కూడి తీర్పు చెప్పుటకును ఒప్పుకొనిరి. ఇంట ఒక భాష, బజారులో ఒక భాష, పరీక్ష హాలులో మరియొక భాషతో మెలగు మన ప్రాంతపు పిల్లలకు ఈ ఏర్పాటు వెంటనే అర్థము కాగలదు.

పురుషుల నియమములతో నడచిన మొదటి ఆటలో గ్రాడ్స్ 41, షామ్‌రాక్స్ 8. స్త్రీల నియమములతో నడచిన రెండవ ఆటలో షామ్‌రాక్స్ 21, గ్రాడ్స్ 8. లెక్క చూడుడు. మొదటి సాయంత్రము గ్రాడ్స్‌కు వచ్చిన ఆధిక్యము 33. రెండవ సాయంత్రము పోయినది 13. మొత్తము 49కి 29, ఇరువది పాయింట్ల తేడాతో దేశ విజయము. రెండవ ఆట చూడ వచ్చినవారికి గ్రాడ్స్ ఓడిన జట్టుగానే కనబడి యుందురు. అలవాటు లేని గీతలమధ్య, పరుగెత్తవలసిన కాళ్లను ఆపుకొనుచు, ఎనిమిది పాయింట్లు మాత్రము చేసిన ఆ సాయంత్రము వారికి సంతోషముగా గడచినదని మేము అనుకొనము. కాని తెలియని నియమములతో ఆడుచు, ఆధిక్యమంతయు చేజారకుండ నిలుపుకొనుట కూడ ఆటలో భాగమే. మన బాలిక అడిగిన న్యాయపు ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఒక్క సాయంత్రముతో తీర్పు కూడదన్నవారు ఈ పద్ధతిని ఎన్నుకొనవచ్చును. అయితే అప్పుడు మొదటి ఆటలో గెలుపు ఖాయమైనదని బంతిని నిర్లక్ష్యముగా విడిచిన ప్రతి క్షణమునకును రెండవనాడు లెక్క చెప్పవలెను.

ఈ స్కోర్లు చిన్నవిగా కనబడుటకు కారణము కలదు. ఆ దినములలో ఒక బుట్ట పడినప్పుడెల్ల బంతిని మరల నడిమికి తెచ్చి, ఇద్దరిమధ్య ఎగురవేసి ఆట మొదలుపెట్టెడివారు. 1930ల చివర ఆ నియమము తొలగిన పిదప ఆట వేగము హెచ్చి స్కోర్లు పెరిగినవి.

మరుసటి సంవత్సరము, 1923 జూన్‌లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుండి ఫేవరిట్ నిట్స్ అను జట్టు ఎడ్మంటన్‌కు వచ్చినది. వారి చొక్కాలపై ప్రపంచ విజేతలని ముందే అచ్చువేసి యుండెను! అండర్‌వుడ్ టైపురైటర్ల కంపెనీ వారు ఈ పోటీకి ఒక కప్పు ఇచ్చిరి. మన పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఆ పేరుగల పాత యంత్రములపై వ్రేళ్లు అరుగదీసిన తలిదండ్రులు మన పాఠకులలో ఉందురు. పగలెల్ల టైపు కొట్టు పిల్లలు సాయంత్రము టైపురైటరు కంపెనీవారి కప్పుకై ఆడిరన్నమాట.

ఆట జరిగిన చోటు మరియొక వింత. పదేండ్ల క్రితము పశువుల ప్రదర్శనలకై కట్టిన పెద్ద మందిరమది. సుమారు 60 వేల జనాభాగల ఆ నగరమున, ఎడ్లను గుఱ్ఱములను చూచుటకు కూర్చుండిన బల్లలపైననే వేలకొలది జనులు కూర్చుండి బాలికల ఆటను చూచిరి. మొదటి ఆట 34కి 20, రెండవది 19కి 13, రెండును గ్రాడ్స్‌వే. మొత్తము 53కి 33. మరల సరిగా ఇరువది పాయింట్ల తేడా.

అండర్‌వుడ్ కప్పు సవాలు కప్పు. అనగా గెలిచినవారు దానిని ఇంట పెట్టుకొని నిద్రపోవుటకు వీలులేదు. తగిన జట్టు ఏదైన సవాలు చేసినప్పుడెల్ల ఆడి నిలుపుకొనవలెను. కావున గ్రాడ్స్‌కు సంవత్సరాంతపు తుదిపోటీ ఒక్కటి కాదు. రాష్ట్రపు తుదిపోటీ, పశ్చిమ భాగపుది, దేశముది, ఆపైన సవాలు పోటీలు. అటులుండియు ఆ కప్పు 17 సంవత్సరములు వారి చేతినుండి పోలేదు. 1915 మొదలు 1940 వరకు ఆడిన 522 ఆటలలో 502 గెలిచి, 20 మాత్రమే ఓడిరి. ఆటను కనిపెట్టిన నైస్మిత్ గారే వీరిని మెచ్చుకొని, ఇంతటి జట్టును చూడలేదను అర్థము వచ్చునట్లు లేఖ వ్రాసెను.

ఒలింపిక్ క్రీడలు జరిగిన 1924, 1928, 1932, 1936 సంవత్సరములలో వీరు ప్రదర్శనపు ఆటలు 27 ఆడి అన్నియు గెలిచిరి. పతకము మాత్రము ఒక్కటియు రాలేదు. ఏలయన, స్త్రీల బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్ పోటీలలో చేర్చినది 1976లో, కెనడాలోని మాంట్రియల్ నగరమున. అప్పటికి జట్టు రద్దయి 36 ఏండ్లు గడచినవి.

ఓటములను దాచిన చరిత్ర పిల్లలకు మేలు చేయదు. కావున 1933ను కూడ చెప్పవలెను. ఆ సంవత్సరము ఓక్లహోమా ప్రెస్బిటేరియన్ కాలేజి కార్డినల్స్ అను అమెరికా జట్టు వచ్చి, ఉత్తర అమెరికా విజేత పదవికై జరిగిన పోటీలో గ్రాడ్స్‌ను వారి సొంత ఊరిలోనే ఓడించినది. ఓడించినవారు కూడ ఒక చిన్న కళాశాల బాలికలే. ఆ ఓటమి పిదప గ్రాడ్స్ చేసినదేమి? క్రింది మెట్లనుండి క్రొత్తవారు వచ్చిరి. అట్లు 1933లో వచ్చినవారిలో నోయెల్ మెక్‌డొనాల్డ్ ఒకరు. పొడగరి. నడిమి స్థానమున ఆడి, నాయకురాలై, 1938లో కెనడాలోని ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది.

తలిదండ్రులతో ఒక మాట. గ్రాడ్స్‌లో పెండ్లి అయినవారు ఆట మానుకొనుట ఆచారము. దానిని మేము మెచ్చుకొనుట లేదు. ఆ కాలము అట్టిది. అయినను, ఉద్యోగము చేయుచు, పెండ్లి కాకున్న కొద్ది సంవత్సరములలోనే వారు ఇంత చేసిరి. మన ఇండ్లలో పదవ తరగతికిని పెండ్లికిని నడుమ ఎన్ని సంవత్సరములున్నవో, ఆ సాయంత్రములు ఎట్లు గడచుచున్నవో తలిదండ్రులకే తెలియును. మన బడి వలయము సాయంత్రము ఐదు గంటల తరువాత ఖాళీగా ఉన్నది. పూర్వ విద్యార్థినులు వచ్చి ఆడుటకు ప్రధానోపాధ్యాయుల వారి అనుమతి ఇదివరకే తీసికొంటిమి. శనివారము నాడు తొమ్మిదవ తరగతివారు వారితో ఆడుదురు. ప్రశ్న అడిగిన బాలిక పేరు అందులో మొదట వ్రాసితిమి.

ఎడ్మంటన్ కథ ముగింపు యుద్ధముతో వచ్చినది. 1940లో వాయుసేనకు సైనికుల శిక్షణకై స్థలము కావలసి, ఆ పశువుల మందిరమును తీసికొనిరి. ఆడుటకు చోటు లేకపోయెను. పేజ్ గారు జట్టును రద్దుచేయ నిశ్చయించిరి. ఆ సంవత్సరము జూన్ 5వ తేదీన చికాగో క్వీన్స్ జట్టుతో చివరి ఆట జరిగినది. గ్రాడ్స్ 62, చికాగో 52. అండర్‌వుడ్ కప్పును కంపెనీవారు సంఘమునకే శాశ్వతముగా ఇచ్చివేసిరి. పేజ్ గారు 1959 మొదలు 1966 వరకు అల్బర్టా రాష్ట్రమునకు లెఫ్టినెంట్ గవర్నరుగా ఉండిరి. ఎడ్మంటన్‌లో నేడు ఆయన పేరుతో ఒక ఉన్నత పాఠశాల కలదు.